హోర్టాను బతకనివ్వడం నీతా, లాభసాటి బేరమా?

పాత రేడియో

ఎనభైలలో దూరదర్శన్‌లో ‘స్టార్ ట్రెక్’ అనే అమెరికన్ అంతరిక్ష సీరియల్ చూసినప్పుడు నాకు అర్థమైంది తక్కువ. ఓడలోని పరగ్రహ అధికారి స్పాక్ కొనతేలిన చెవులు, వాటంతట అవే తెరుచుకునే తలుపులు, అంతే. మొన్న సెలవుల్లో పద్నాలుగేళ్ల మా అమ్మాయితో కలిసి మళ్లీ మొదలుపెట్టాను. 1967 మార్చిలో వచ్చిన హోర్టా కథ దగ్గర మా ఇద్దరికీ వాదన పడింది. ఇంట్లో తేలలేదు కాబట్టి ఇక్కడికి తెచ్చాను.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఒక దూర గ్రహంలో పెర్జియం అనే ఖనిజం తవ్వే గని ఉంటుంది. చీకట్లో ఏదో ప్రాణి వచ్చి కార్మికులను నిలువునా మాడ్చేస్తుంటుంది. యాభై మంది పోయారు. అంతరిక్ష ఓడ కెప్టెన్ కిర్క్ వేటకు దిగుతాడు. తీరా చూస్తే అది రాతిని వెన్నలా కరిగించుకుంటూ పోయే, హోర్టా అనే సిలికాన్ జీవి. ఆ జాతిలో యాభై వేల ఏళ్లకోసారి అందరూ చనిపోయి, గుడ్లకు కాపలాగా ఒక్క తల్లి మిగులుతుంది. గనివాళ్లు కొత్త అంతస్తు తవ్వుతూ, పనికిరాని గుండ్రాళ్లనుకొని పగలగొట్టినవి ఆ గుడ్లే. సంగతి తెలిశాక ఒప్పందం కుదురుతుంది. హోర్టా పిల్లలు సొరంగాలు తవ్వుతాయి, మనుషులు ఖనిజం తీసుకుంటారు. గని అధికారి ముఖం వెలిగిపోతుంది.

నాకు కళ్లు చెమర్చాయి. మా అమ్మాయి మాత్రం, “వాటికి తవ్వడం రాకపోయి ఉంటే?” అంది. అరవై ఏళ్ల కిందటి ఈ కథలోని నీతి ఇప్పటికీ నిలుస్తుందనే నా నమ్మకం. మీరేమంటారు?

అరసున్న

మీ అమ్మాయికి నా నమస్కారం చెప్పండి. అసలు ప్రశ్న అదే.

ఈ సీరియల్‌ను ధర్మశాస్త్రంలా చదివేవాళ్లను చూస్తే నాకు విసుగు. 1968 ఫిబ్రవరి 2న వచ్చిన భాగం చూడండి. వియత్నాం యుద్ధంలో అమెరికా పక్షం మీద టెట్ దాడి మొదలైన వారమే అది. ఒక వెనుకబడిన గ్రహంలో శత్రువులు ఊరివాళ్లకు తుపాకులిస్తున్నారని, కిర్క్ కొండవాళ్లకు తుపాకులిస్తాడు. సమతూకం అట! ఓడ డాక్టర్ మెకాయ్ మొత్తుకున్నా వినడు. 1969 జూన్‌లో వచ్చిన చివరి భాగంలో, స్త్రీలకు కెప్టెన్ పదవి దక్కదని కుమిలిపోయిన ఒక శాస్త్రవేత్తను పిచ్చిదానిగా చూపించారు. రాతిపురుగుకు దొరికిన న్యాయం ఆడమనిషికి దొరకలేదు.

ఓడలోని నల్లజాతి అధికారిణి ఉహురా పాత్రనూ, మార్టిన్ లూథర్ కింగ్ ఆ పాత్ర వేసిన నటిని సీరియల్ మానేయవద్దన్న కథనూ ఎవరూ ఎత్తవద్దని మనవి. అది గొప్ప సంగతే. అది ఆ నటి గొప్పదనం, కథకులది కాదు.

బొగ్గుపొడి

మా నాన్నగారు ముప్పై ఏళ్లు బొగ్గుగనిలో పనిచేశారు. అందుకేనేమో, నేను ఈ కథను కిర్క్ వైపు నుంచి చూడలేదు, గనివాళ్ల వైపు నుంచి చూశాను.

వేళకాని వేళ సైరన్ మోగితే మా వీధిలో ఆడవాళ్లందరూ పొయ్యి మీద ఉన్నది దించకుండానే బయటికి వచ్చేవారు. ఎవరూ మాట్లాడేవారు కాదు. అన్నం మాడిన వాసన మాత్రం వచ్చేది. ఆ భయం తెలిసినవాడికి, కర్రలు పట్టుకుని హోర్టా మీదికి వచ్చే ఆ కార్మికులు దుర్మార్గులుగా కనిపించరు. తోటివాళ్లు చనిపోయారు, చంపింది ఎదురుగా ఉంది. కిర్క్ అడ్డం నిలబడి, మొదట కాల్చినవాణ్ని తానే చంపుతానంటాడు. ఉపన్యాసం ఇవ్వడు. ముందు ఆపుతాడు, తర్వాత గుడ్ల సంగతి చెబుతాడు.

ఇంకొకటి గమనించారా? మొదటి సన్నివేశాల నుంచీ ఒక గుండ్రాయి గని అధికారి టేబుల్ మీద అలంకారంగా ఉంటుంది. స్పాక్ దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తాడు. అలాంటివి కింద ఎన్నో ఉన్నాయని అధికారి తేలిగ్గా చెబుతాడు. అంటే ఆ తల్లి వెతుకుతున్నది ఆఫీసు గదిలో, అందరి కళ్ల ముందే ఉంది. నాకు ఈ కథలో నిలిచేది ఆ రాయి. దేన్ని పగలగొడుతున్నామో తెలియకుండానే పగలగొట్టడం. బేరం తర్వాతి మాట.

బేరం కుదిరితే తప్పేమిటి కూడా? గనిలోకి దిగేవాడికి రేపటి కూలీ కావాలి. దయ ఒక్కటే చెప్పి పంపిస్తే ఆ దయ రెండో షిఫ్టు దాకా నిలవదు.

లెక్కల మాస్టారు

బేరం అనే మాట మీద నాదొక పక్కదారి.

ఆ రోజుల్లో అమెరికన్ టీవీలో నీతి చెప్పడమే ఒక బేరం. ‘ట్విలైట్ జోన్’ అనే వింతకథల సీరియల్ సృష్టికర్త రాడ్ సెర్లింగ్, ఎమెట్ టిల్ అనే నల్లజాతి బాలుణ్ని మిసిసిపీలో చంపిన ఘటన నుంచి పుట్టిన ఒక నాటకం రాశాడు. 1956లో అది తెరకెక్కేసరికి, హతుడు ఏ జాతివాడో చెప్పని ఒక విదేశీయుడయ్యాడు. కథాస్థలం దక్షిణాది నుంచి న్యూ ఇంగ్లండ్‌కు మారింది. దక్షిణాది గుర్తుకు వస్తుందని కోకాకోలా సీసాలను కూడా తీసేశారు! ఖర్చు పెట్టే కంపెనీకి ఎవరి కోపమూ అక్కరలేదు మరి. మూడేళ్ల తర్వాత సెర్లింగ్ మనుషుల గురించి చెప్పదలచుకున్నది గ్రహాంతరవాసుల చేత చెప్పించడం మొదలుపెట్టాడు. ఎవరికీ అభ్యంతరం రాలేదు.

కాబట్టి హోర్టా కథ ముగింపులో లాభం కనిపించడం నాకు ఆశ్చర్యం కాదు. సబ్బుల ప్రకటనల మధ్య వచ్చిన కరుణ అది. అంతమాత్రాన కరుణ కాకుండా పోతుందా?

అరసున్న

బొగ్గుపొడి గారూ, టేబుల్ మీది రాయి నేను గమనించలేదు. ఆ ఒక్క మాటకు తల వంచుతున్నాను. కిర్క్, స్పాక్ తారుమారు కావడం కూడా బాగుందని ఒప్పుకుంటాను. చంపవద్దన్న స్పాక్, మిత్రుడు ఆపదలో పడగానే చంపేయమంటాడు. చంపాలన్న కిర్క్ దాని ఎదుట కూర్చుని ఆగుతాడు. నీతి నోటితో చెప్పడం వేరు, చేతిలో ఆయుధం ఉన్నప్పుడు వేరు.

అయినా పాత రేడియో గారి అమ్మాయి ప్రశ్నకు మీరిద్దరూ జవాబు ఇవ్వలేదు. జవాబు ఆ సీరియల్‌లోనే ఉంది. 1966 సెప్టెంబర్ 8న ప్రసారమైన మొట్టమొదటి భాగం చూడండి. అందులోనూ ఒక ప్రాణి, అదీ తన జాతిలో ఆఖరిదే. ఉప్పు లేనిదే బతకలేదు. మనుషుల ఒంట్లోని ఉప్పు పీల్చి చంపుతుంది. ఎవరి రూపమైనా ధరించగలదు. దానికి సొరంగాలు తవ్వడం రాదు, దాని వల్ల ఎవరికీ పైసా లాభం లేదు. దాన్ని కాల్చి చంపారు. తర్వాత కిర్క్ కుర్చీలో కూర్చుని, అడవిదున్నలు గుర్తొచ్చాయని స్పాక్‌తో అంటాడు. అమెరికాలో తెల్లవాళ్లు దాదాపు తుడిచిపెట్టిన బైసన్లు. చంపాక నిట్టూర్చడం ఎవరికైనా వస్తుంది.

లెక్కల మాస్టారు

ఆ రెండింటికీ మధ్య ఆరు నెలలు. కథకులు నేర్చుకున్నారని ఎందుకు అనుకోకూడదు? హోర్టా కథ రాసిన జీన్ కూన్ మొదటి భాగం చిత్రీకరించే నాటికి ఆ బృందంలో చేరనే లేదు. ఒక సీరియల్‌కు ఒకే మనస్సాక్షి ఉండదు, రాసే చేతిని బట్టి మారుతుంది. మీరు చెప్పిన తుపాకుల కథలోనూ, చివర్లో కిర్క్ తాను పంపుతున్నవి బైబిల్లోని ఏదెను తోటలోకి పాములని అంటాడు. గెలిచినవాడి మాట కాదది.

అరసున్న

పాములని తెలిసి కూడా పంపాడు. నా ఫిర్యాదు సరిగ్గా అదే.

పాత రేడియో

అరసున్న గారు చెప్పిన మొదటి భాగం నిన్న రాత్రి ఇద్దరం చూశాం. నిజం చెప్పాలంటే, అది నా పక్షాన్ని బలహీనం చేసింది. బొగ్గుపొడి గారి రాయి లేకపోతే నేను ఈపాటికి చేతులెత్తేసేవాణ్ని.

ఆ కథ మొదట్లో, ఆ గ్రహంలో ఉంటున్న శాస్త్రవేత్త కిర్క్‌ను అడిగేది ఒక్కటే: కాసిని ఉప్పు మాత్రలు. ఎందుకో చెప్పడు, దాచిపెడతాడు. ఆ దాపరికం వల్లే ఓడలోని మనుషులు ఒకరి తర్వాత ఒకరు చనిపోతారు. చివర్లో ఆ ప్రాణి మెకాయ్ గదిలో అతని పాత ప్రియురాలి రూపంలో నిలబడి ఉంటుంది. కిర్క్ అరచేతిలో ఉప్పు మాత్రలు పెట్టుకుని చెయ్యి చాపుతాడు. అది వాటినే చూస్తూ ఉండిపోతుంది.

మా అమ్మాయి అక్కడ ఆపమంది. ఆపాను.

“నాన్నా, ఓడలో ఉప్పు ఉంది కదా. ముందే ఎందుకు ఇవ్వలేదు?”

అడిగినవాడు అబద్ధం చెప్పాడు కాబట్టి అన్నాను. “మరి తెలిశాక?” అంది. తెలిశాక ఆ ఉప్పు ఎరగా మారింది, అంతే కదా. నేను రిమోట్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మిగతా భాగం ఇంకా చూడలేదు.