‘నీవే తప్ప నితఃపరం...’ ఆ విసర్గ సంగతి ఏమిటి?

అరసవల్లి నుంచి:
పెద్దలకు నమస్కారం. మా అక్క కూతురికి ఉపాధ్యాయ ఉద్యోగం వచ్చింది, సీతంపేట వైపు కొండ ఊళ్ళో చేరాలి. ఇల్లు విడిచి ఒంటరిగా ఉండడం ఆ పిల్లకు ఇదే మొదలు. ఒక డైరీ కొని మొదటి పుటలో పోతనగారి భాగవతం, గజేంద్ర మోక్షంలోని పాదం రాసి ఇద్దామని కూర్చున్నాను. ‘నీవే తప్ప’ దాకా కలం సాగింది. తర్వాత ‘నిత పరంబెరుగ’ అనాలా, ‘నితః పరంబెరుగ’ అనాలా? అర్థం కూడా తేల్చండి. ‘నీవు తప్ప మరొకరిని ఎరుగను’ అని బడిలో చెప్పారు. కానీ ఇతఃపరం అంటే ‘ఇకమీదట’ కదా? ఆ అర్థమే నిలిస్తే కొత్త బతుకు మొదలుపెట్టే పిల్లకు ఇంకా నప్పుతుంది.

బొబ్బిలి నుంచి:
విసర్గ ఉండి తీరాలి. శార్దూలం కదా, ‘నీవే త’ మగణం, ‘ప్పనితః’ సగణం. ఆరో అక్షరం గురువు. విసర్గ ఎగిరిపోతే ‘త’ లఘువై పద్యం అక్కడే కుంటుతుంది. ఇందులో చర్చకు తావు లేదు.

విజయనగరం కోట దగ్గర నుంచి:
రాతలో చర్చ లేదు సరే, నోట ఉంది. సగం మంది ‘నితహ పరం’ అని చదువుతారు. అప్పుడు ఒక్క గురువు చోట రెండు లఘువులు పడి పాదానికి పందొమ్మిది ఉండాల్సింది ఇరవై అక్షరాలవుతాయి. పకారం ముందు విసర్గను గొంతులో కాదు, పెదవుల మీద పలకాలి. ‘నితఫ్పరం’ అన్నంత దగ్గరగా వినబడాలి. ఆదిభట్ల నారాయణదాసుగారు సంగీత కళాశాల నడిపిన ఊరు మాది, ఈ మాత్రం చెవి ఉంటుంది.

బొబ్బిలి నుంచి:
దాసుగారు పుట్టిన అజ్జాడ మా వైపుది. ఆ లెక్కన చెవి మాకే ముందు వచ్చింది.

రాజాం నుంచి:
మీ చెవులు అలా ఉంచండి. కొత్త ఉద్యోగానికి వెళ్ళే పిల్లకు ఈ పద్యమా? ‘లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, మూర్ఛ వచ్చె’ అంటున్న ఏనుగు మాటలా? మొదటి రోజు బడి గుమ్మం ఎక్కేటప్పుడు గుర్తుకు రావలసినవి ఇవేనా?

శ్రీకూర్మం నుంచి:
అమ్మా, ఆ ఏనుగు మొసలి పట్టగానే ఈ మాట అనలేదు. వెయ్యేళ్ళు తన బలంతో పెనుగులాడిన తర్వాత అన్నది. ఇది చేతకానివాడి ఏడుపు కాదు, శరణాగతి. దాని ఆరు అంగాల్లో కార్పణ్యం ఒకటి, అంటే నా దగ్గర ఇంకేమీ లేదని ఒప్పుకోవడం. ‘లావొక్కింతయు’ పాదం అదే. ‘రావే యీశ్వర, కావవే వరద’ అన్నది గోప్తృత్వ వరణం, నన్ను కాపాడేవాడివి నువ్వేనని కోరుకోవడం. ఇదే అష్టమ స్కంధంలో మా స్వామి కథ చూడండి. దేవతలూ రాక్షసులూ భుజబలం నమ్ముకుని మందరాన్ని కడలిలో దింపారు. అడుగున ఆధారం లేక కొండ మునిగింది. తాబేలై వీపు ఒడ్డినవాడు ఎవరు?

శ్రీముఖలింగం నుంచి:
పిలిచింది ‘ఈశ్వర’ అని. ఆ మాట మా స్వామిదండీ. ఊరికే గుర్తు చేస్తున్నాను.

బొబ్బిలి నుంచి:
శైవ వైష్ణవాలు వేరే రోజు చూద్దాం. అర్థానికి వస్తే ‘ఇకమీదట’ కుదరదు. ‘ఎరుగ’ సకర్మక క్రియ, దానికి కర్మ కావాలి. ‘ఇతఃపరంబు’ అంటే ఇంతకు మించినది, దీనికి అవతలిది; అదే కర్మ. ఇకమీదట అని చెప్పదలిస్తే ‘ఇతఃపరంబున’ అని ఉండేది.

విజయనగరం కోట దగ్గర నుంచి:
‘అనంతరంబ’ అని ‘న’ లేకుండా ప్రబంధాల వచనాల్లో ఎన్నిసార్లు చదవలేదు? పైగా ‘ఇకమీదట’ అంటేనే కథకు బలం. నిన్నటి దాకా తొండాన్నీ దంతాలనూ నమ్మాడు, వాటినీ ఎరుగుదునన్నాడు. ఇప్పుడు ఆ ఎరుక చాలించాడు. మరో సంగతి, కొన్ని పద్యాల ముందు ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అని అనుమానపడిన నోరే ఇది.

అరసవల్లి నుంచి:
అయితే రెండు అర్థాలూ చెల్లుతాయా? ఆదివారం ఉదయమే పిల్ల బయలుదేరుతుంది.

బొబ్బిలి నుంచి:
ఒకటే చెల్లుతుంది.

పలాస నుంచి:
పోతనగారు తన సంగతీ ఇలాగే చెప్పుకున్నారు కదా. ‘పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట.’ అంతటి కవి కలం పట్టేటప్పుడు తన బలాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ‘అట’ అన్న ఆ ఒక్క మాటలో ఎంత వినయం, ఎంత చమత్కారం! ఎవరో చెప్పగా విన్నట్టు అంటాడు. నాకైతే ఆ డైరీలో ఈ పద్యమే రాయాలనిపిస్తుంది. అన్నట్టు, ‘మన్నింపందగున్ దీనునిన్’ అంటే క్షమించమనేనా?

విజయనగరం కోట దగ్గర నుంచి:
కాదు. పాత తెలుగులో మన్నించడమంటే ఆదరించడం, గౌరవించడం. రాజు కవిని మన్నించాడంటే కవి ఏదో తప్పు చేశాడని కాదు. మన్నన అన్న మాటలో ఆ అర్థం ఇప్పటికీ ఉంది.

రాజాం నుంచి:
ఇది నచ్చింది. క్షమించమనడానికి ఏనుగు చేసిన తప్పేమిటి అని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

శ్రీకూర్మం నుంచి:
తప్పు లేకపోలేదు. గజేంద్రుడు వెనకటి జన్మలో ఇంద్రద్యుమ్న మహారాజు. మౌనంగా హరిని అర్చిస్తూ, వచ్చిన అగస్త్యుణ్ణి మన్నించలేదు. అందుకే ఏనుగువు కమ్మని శాపం. ఒకనాడు మన్నించని నోటితోనే ఈనాడు ‘మన్నింపందగున్’ అనిపించాడు పోతన. ఆ మాట అక్కడ ఊరికే పడలేదని నా నమ్మకం.

బొబ్బిలి నుంచి:
బాగుంది. కానీ మడుగులో ఉన్న ఏనుగుకు పూర్వజన్మ గుర్తుందా?

శ్రీకూర్మం నుంచి:
ఉంది. అష్టమ స్కంధం మూడో అధ్యాయం మొదటి శ్లోకంలోనే ‘ప్రాగ్జన్మన్యనుశిక్షితమ్’ అని స్పష్టంగా ఉంది. వెనకటి జన్మలో నేర్చిన స్తోత్రాన్నే జపించాడు.

బొబ్బిలి నుంచి:
అది వ్యాసుడు. నేను అడిగింది పోతనగారి సంగతి.