618ని 6తో భాగిస్తే 13 అంటున్నాడు, ఏం చేయాలి?

సైనిక్‌పురి అమ్మ:
మావాడు నాలుగో తరగతి. ఎక్కాలు పన్నెండు దాకా గడగడా అప్పజెబుతాడు. కానీ 618ని 6తో భాగించమంటే 13 రాసి, శేషం సున్నా అని కింద గీత కొట్టేస్తాడు. "ఒకటిలో ఆరు పోదు కదా, అందుకే ఎనిమిది కూడా దించుకున్నా" అంటాడు. సున్నా పెట్టాలని పదిసార్లు చెప్పా. పెడతాడు, మర్నాటికి మళ్లీ మాయం. నిన్న రాత్రి ఈ లెక్క దగ్గరే ఇద్దరం ఏడుపు మొహాలు పెట్టుకుని పడుకున్నాం.

బడిపంతులు, మల్కాజ్‌గిరి:
కంగారు పడకండి మేడం, ఈ తప్పు చేయని క్లాసు నేను చూడలేదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వేలో పల్లె పిల్లలకు పెట్టే లెక్కల్లో ఆఖరి మెట్టు కూడా ఇలాంటిదే, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం.
"సున్నా పెట్టు" అనడం మానేయండి. ఆట నోట్లు తీసుకోండి: వందలు ఆరు, పది నోటు ఒకటి, రూపాయి బిళ్లలు ఎనిమిది. ఆరుగురికి పంచమనండి. తలా ఒక వంద పోతుంది. ఒక్క పది నోటును ఆరుగురికి పంచలేడు, చిల్లర మార్చాలి. అంటే పదుల్లో ఎవరికీ ఏమీ రాలేదు. ఆ రానిదే సున్నా. ఇప్పుడు పద్దెనిమిది రూపాయలు, తలా మూడు. నోట్లు వాడి చేతిలోనే ఉండాలి, మీరు ముట్టుకోవద్దు.

కూకట్‌పల్లి నాన్న:
మాస్టారి మాటకు నాదొకటి కలుపుతా. పెన్సిల్ పట్టకముందే "వంద దాటుతుందా, దాటదా?" అని అడగండి. 13 ఆరుసార్లయితే 78 అని వాడికే తెలుస్తుంది.
మా పాపకు బడిలో ముక్కలుగా తీసే పద్ధతి నేర్పారు. 896ని 7తో అంటే ముందు 700 తీసేసి పక్కన 100 రాస్తుంది. మిగిలిన 196లో 140 తీసి 20, ఇక 56కి 8. మొత్తం 128. మొదట్లో నేనే గొడవపడ్డా, ఇదేం చుట్టు తిరుగుడని. రెండంకెల విభాజకం వచ్చాక నోరు మూసుకున్నా. 372లో 12 ఎన్నిసార్లంటే, 120 మూడుసార్లు తీసి, ఇంకో 12 తీసి, 31 అంది.

ట్యూషన్ అక్క, దిల్‌సుఖ్‌నగర్:
బాగానే ఉంది కానీ పరీక్షలో అంత టైం ఎక్కడిదండీ? నా దగ్గరకొచ్చే సగం మందికి ఏడో ఎక్కం సరిగ్గా రాదు. అది రాకుండా ఏ పద్ధతీ నిలవదు. నేనైతే చిన్న కిటుకులు చెబుతా: నాలుగుతో అయితే సగంలో సగం, అయిదుతో అయితే రెట్టింపు చేసి పదితో భాగించడం. 135కి 270, జవాబు 27.

ఉప్పల్ పిన్ని:
మా చెల్లెలి కూతురికి శేషంతో తంటా. 23 మంది పెళ్లికి వెళ్లాలి, ఆటోకి ముగ్గురు, ఎన్ని ఆటోలు? "7 ఆటోలు, శేషం 2" అని రాసింది. ఆ ఇద్దరూ నడిచి రావాలా అంటే, "బైక్ బుక్ చేసుకుంటారులే" అంది! లెక్కలో తప్పు లేదు మరి. అదే 23 రూపాయలకు మూడేసి రూపాయల చాక్లెట్లంటే 7 సరిపోతుంది. ఈ తేడా కాగితం మీద ఎంత చెప్పినా ఎక్కలేదు.

సైనిక్‌పురి అమ్మ:
నాలుగు రోజులు నోట్లతో ఆడించా. నిన్న 832ని 8తో భాగించి 104 రాశాడు, నేను నోరు విప్పకుండానే. చివరి సున్నా మాత్రం ఇంకా ఎగిరిపోతోంది, 960ని అదే 8తో అంటే 12 రాశాడు. "వంద..." అన్నానో లేదో, రబ్బరు కోసం వెతుక్కుంటున్నాడు.