పెంజీకటి కవ్వల: ఏకాకృతా, నేకాకృతా?

మొదటి పోస్ట్: విశ్వకిరణాల్లో, అంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాల్లో, వచ్చే బరువైన పరమాణు కేంద్రకాల మీద వ్యాసం రాస్తున్నాను. శీర్షిక కోసం పోతన పద్యం 'లోకంబులు లోకేశులు లోకస్థులు తెగినఁ దుది నలోకంబగు పెంజీఁకటి కవ్వల నెవ్వం డేకాకృతి వెలుఁగు నతని నే సేవింతున్' నుంచి 'పెంజీఁకటి కవ్వల' తీసుకుని అక్కడే ఇరుక్కున్నాను. 'ఎవ్వఁడు నేకాకృతి వెలుఁగు' అనా, 'ఎవ్వం డేకాకృతి' అనా? చిన్నప్పుడే నోటికొచ్చిన పద్యం, ఇప్పుడు ఆ ఒక్క అక్షరం నిద్ర పట్టనివ్వడం లేదు. 'నేక'కి 'అనేక' అనే అర్థం వస్తే నా విషయానికి అతికినట్టు ఉంటుంది. ప్రోటాన్లు, హీలియం పోగా మిగిలేది నూటికి ఒకటే. కార్బన్, ఇనుము, ఇంకా బరువైనవి అన్నీ అందులోనే. పుట్టుక గుట్టు ఎక్కువగా చెప్పేవి అవే.

జవాబు: 'నేక' కుదరదండీ. న + ఏక వృద్ధిసంధి, 'నైక' అవుతుంది. విష్ణు సహస్రనామంలో 'నైకరూపో బృహద్రూపః' ఉంది కదా. కాబట్టి ఏకాకృతే.

జవాబు: మరి ఆ నకారం ఎక్కడిది? 'ఎవ్వఁడు' కళ, అంటే చివర ద్రుతం (నకారం) లేని పదం. 'ఎవ్వఁడును' అని లాగితే అర్థం చెడుతుంది. 'ఎవ్వం డేకాకృతి' అంటే ఏ గొడవా లేదు, గణాలూ సరిపోతాయి.

జవాబు: యతి చూశారా? 'నతని నే సేవింతున్'లో 'నే'కి 'నేకా' చక్కగా పడింది. 'డే' ఎలా పడుతుంది?

జవాబు: అక్కడ 'అతనిన్ + ఏ' అని విడదీయండి. ఏ అంటే నేను. ఏకి ఏ, అచ్చుకు అచ్చు కుదిరే స్వరయతి. రెండు పాఠాలూ నిలబడతాయి, యతి తేల్చదు.

జవాబు: నా మనసంతా 'వెలుఁగు' మీదే ఉంది. విశ్వకిరణాలను పట్టే సూపర్‌టైగర్ పరికరం మోసిన బెలూన్ 2012 డిసెంబరులో అంటార్కిటికా మీద ఎగిరి 55 రోజులు పైనే ఉంది. కేంద్రకం దూసుకుపోతే లోపలి సింటిలేటర్ (కణం తగిలితే వెలుగునిచ్చే పదార్థం) పలక మెరుస్తుంది. ఆ మెరుపు దాదాపు కేంద్రకం విద్యుదావేశం వర్గాన్ని బట్టి ఉంటుంది. ప్రోటాన్‌ది 1 అనుకుంటే, అంతే వేగంతో వచ్చిన, ఆవేశం 26 ఉన్న ఇనుముది 26 ఇంటూ 26, అంటే 676 దాకా. వెలుగును బట్టే ఆకృతి తెలుస్తుందన్నమాట!

మొదటి పోస్ట్ రాసినవారు: ఇది వ్యాసంలో పెట్టుకుంటానండీ. నన్ను కదిలించింది రేడియోధార్మిక ఇనుము-60. నాసా వారి ఏస్ ఉపగ్రహం మీది పరికరం 17 ఏళ్లలో పట్టినవి 15 కేంద్రకాలే. అర్ధాయువు, అంటే సగం క్షీణించే కాలం, దాదాపు 26 లక్షల ఏళ్లు. అవి ఇంకా మిగిలున్నాయంటే వాటిని పుట్టించిన నక్షత్రపు పేలుడు మరీ పాతది కాదు, మరీ దూరమూ కాదు. సరే, ఏకమా, అనేకమా?

జవాబు: 'తెగిన' సంగతి ఎవరూ ఎత్తలేదు. పోతన వాడింది నశించడం అనే అర్థంలో. మీ విషయంలో తెగిపోవడం అనే మామూలు అర్థమే పనికొస్తుంది. విశ్వకిరణాల్లో కనిపించే లిథియం, బెరీలియం, బోరాన్‌లలో చాలావరకు, కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలు దారిలో నక్షత్రాల మధ్య వాయువుకు తగిలి తెగిన ముక్కలే.

జవాబు: అసలు చిక్కు 'అలోకంబు'లో ఉంది. లోకం కానిదా, చూపుకందనిదా? 'లోకృ దర్శనే' అని ధాతువు, అంటే చూడడం. చూపుకందనిది అంటేనే పక్కన పెంజీకటి నప్పుతుంది.