మిల్లీ వనిల్లీ ఎల్‌పీ: కంపెనీ డిలీట్ చేసిందంటే అరుదైనదేనా?

ప్రశ్న
రాబ్, ఫాబ్ అనే ఇద్దరి పాప్ జోడీ మిల్లీ వనిల్లీ ఆల్బమ్ ‘గర్ల్ యూ నో ఇట్స్ ట్రూ’ అమెరికా ఎల్‌పీ రికార్డు (అరిస్టా కంపెనీ, నంబర్ ఏఎల్-8592) సీల్డ్‌గా అమ్మకానికి ఉంది. వాళ్లు పాడలేదు, వేరేవాళ్ల గొంతుకు పెదవులు ఆడించారంతే అన్న గుట్టు రట్టయ్యాక కంపెనీ కేటలాగ్‌లోంచి తీసేసింది కాబట్టి ఇక దొరకదని అమ్మే ఆయన అంటున్నాడు. జాకెట్ (రికార్డు అట్ట కవరు) అంచున చిన్న రంపపు కోత ఉంది. తీసుకోవచ్చా? లేక యూరప్‌లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ ‘ఆల్ ఆర్ నథింగ్’ నయమా?

జవాబు 1
అరుదేమీ కాదండి. అమెరికాలోనే ఆరింతల ప్లాటినం, అంటే 60 లక్షల కాపీల లెక్క. డిలీట్ చేస్తే కొత్త ముద్రణ ఆగుతుంది, అప్పటికే ఇళ్లకు చేరినవి మాయమైపోవు కదా.
ఆ కోతను కటౌట్ అంటారు (హీరోల కటౌట్ కాదులెండి). మిగిలిపోయిన సరుకును చవగ్గా వదిలించుకునేటప్పుడు, ఎవరూ పూర్తి ధరకు వాపసు ఇవ్వకుండా అలా కోస్తారు, లేదా మూల కత్తిరిస్తారు. ఫ్యాక్టరీ సీల్ అయితే కోత పై ప్లాస్టిక్‌ను కూడా చీల్చుకుని వెళ్లాలి. జాకెట్‌కు కోత ఉండి ప్లాస్టిక్ చెక్కుచెదరలేదంటే, తర్వాత ఎవరో మళ్లీ చుట్టారన్నమాట.

జవాబు 2
ఈ కుంభకోణం కోసమే దాచుకునేవాళ్లకు రెండూ కావాలి. 1988 యూరప్ ఆల్బమ్‌తో పోలిస్తే 1989 అమెరికా ఆల్బమ్ లోపలి కాగితంలో గాత్రం రాబ్, ఫాబ్‌లదేనని స్పష్టంగా అచ్చేశారు. పాడింది మాత్రం చార్లెస్ షా, జాన్ డేవిస్, బ్రాడ్ హోవెల్. అబద్ధం అచ్చులో ఉన్నది అందులోనే, కాబట్టి ఆ కాగితం లేని కాపీ కొనొద్దు. ‘బ్లేమ్ ఇట్ ఆన్ ద రెయిన్’ కూడా యూరప్ మొదటి ఆల్బమ్‌లో లేదు.
ఇంకోటి, అమెరికాలోని బ్రిస్టల్‌ (కనెక్టికట్) కచేరీలో ముందే రికార్డు చేసిన ట్రాక్ ఇరుక్కుని ఒకే ముక్క తిరగేసింది 1989 జులైలో. ఆ దెబ్బకే పడిపోయారనుకుంటారు గానీ, ఆ తర్వాతే 1990 ఫిబ్రవరిలో గ్రామీ అవార్డు వచ్చింది. నిర్మాత ఫ్రాంక్ ఫారియన్ ఒప్పుకున్నాక, నవంబర్‌లో వెనక్కి తీసుకున్నారు.

జవాబు 3
అరుదైనదే కావాలంటే 1993 నాటి ‘రాబ్ అండ్ ఫాబ్’ సీడీ చూడండి. వాళ్లిద్దరూ సొంత గొంతుతో పాడిన ఆల్బమ్, అమ్ముడైంది సుమారు 2,000 మాత్రమే. అందుకే ఇంట్లో రైట్ చేసిన నకలు అంటగట్టే ప్రమాదం ఉంది. అడుగు వైపు ఫొటో అడగండి: నీలం, ఆకుపచ్చ ఛాయ కొడుతుంటే సీడీ-ఆర్. ప్రెస్ చేసిన డిస్క్ వెండి రంగులో ఉంటుంది, మధ్య రింగులో మ్యాట్రిక్స్ నంబర్ (ఫ్యాక్టరీ గుర్తింపు సంఖ్య) కనిపిస్తుంది.
‘గర్ల్ యూ నో ఇట్స్ ట్రూ’ పాట అసలు న్యూమార్క్స్ అనే బాల్టిమోర్ బృందానిది. వాళ్ల రికార్డును కూడా వెతకండి.

ప్రశ్న అడిగినవారు
ఫొటో తెప్పించాను. కోత ప్లాస్టిక్ లోపలే ఉంది.

జవాబు 1
అయితే సీల్ పేరిట పైసా ఎక్కువ ఇవ్వకండి. విప్పి చూపించమనండి. బిగుతు ప్లాస్టిక్‌లో ఏళ్లు గడిపితే రికార్డు వంగిపోతుంది, అది బయటినుంచి తెలీదు. కొంటే పీవీసీ కవర్లో పెట్టకండి, వినైల్ మీద మసక పడుతుంది. పాలిథీన్ కవర్ వేసి నిలువుగా ఉంచండి.