టామ్ విల్స్ 1859 నియమాలతో స్కూల్లో ఫుట్‌బాల్ ఆడించాలంటే ఎట్లా?

గుత్తి పీఈటీ:
ఆగస్టు 29 క్రీడా దినోత్సవానికి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌ను తొలినాటి పద్ధతిలో ఆడించాలని ఉంది. ఆటకు ముందు, ఈ ఆట తొలి నియమాలతో ముడిపడ్డ ఆస్ట్రేలియా క్రికెటర్ టామ్ విల్స్ గురించి ఐదు నిమిషాలు చెప్తాను. విల్స్ ఒక్కడే ఈ ఆట కనిపెట్టాడనీ, అక్కడి ఆదివాసుల ఆట చూసి తెచ్చాడనీ చదివాను. అట్లా చెప్పొచ్చా? గ్రౌండు 100 మీటర్ల పొడవు, 60 వెడల్పు, గరుసు నేల. ఈ ఆటకు వాడే కోడిగుడ్డు ఆకారం బంతి లేదు, మామూలు ఫుట్‌బాలే ఉంది.

కర్నూలు పాత స్కోర్‌బుక్:
రెండు మాటలూ అట్లా చెప్పొద్దు సార్. విల్స్ 1835లో న్యూసౌత్‌వేల్స్‌లో పుట్టాడు. చిన్నప్పుడు విక్టోరియాలో జబ్‌వురుంగ్ ఆదివాసుల పిల్లలతో కలిసి తిరిగాడు, వాళ్ల భాష మాట్లాడేవాడు. ఇది ఖాయం. వాళ్ల ఆట నుంచే నియమాలు తీసుకున్నాడనడానికి మాత్రం ఆనాటి కాగితం ఒక్కటీ లేదు. ఆస్ట్రేలియాలోనే దీనిమీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. పిల్లలకు ఆ రెండింటినీ విడివిడిగా చెప్పండి.

పద్నాలుగేళ్లకు ఇంగ్లండ్‌లోని రగ్బీ స్కూలుకు పోయి, 1856 చివర్లో తిరిగొచ్చాడు. అప్పటికి అతనికి పేరు తెచ్చింది క్రికెట్టే. 1858 జులై 10న ఒక మెల్‌బోర్న్ పత్రికలో అతని ఉత్తరం వచ్చింది: చలికాలంలో క్రికెటర్ల ఒళ్లు బరువెక్కకుండా ఫుట్‌బాల్ క్లబ్ పెట్టుకుని, నియమాలు రాయడానికి కమిటీ వేయాలని. 1859 మే 17న నియమాలు రాసినప్పుడు విల్స్‌తో పాటు హామర్స్‌లీ, థామ్సన్, థామస్ స్మిత్ ఉన్నారు. విల్స్ తను చదివిన రగ్బీ స్కూలు ఆట పద్ధతి వైపు మొగ్గాడు. మిగతావాళ్లు కాళ్లమీద తన్నుకోవడం వద్దన్నారు, ఆ మాటే నెగ్గింది. కాబట్టి నలుగురి పేర్లూ చెప్పాలి. విల్స్ బావ హారిసన్ పేరు ఇందులో కలపకండి, ఆయన పని 1866 సవరణల్లో.

అనంతపురం గ్రౌండ్ మార్కింగ్:
మీ గ్రౌండుకు ఇబ్బంది లేదు. రెండు గోల్‌ల మధ్య దూరం, గోల్ స్తంభాల మధ్య ఎడం కెప్టెన్లే తేల్చుకోవాలనేది మొదటి నియమం. వెడల్పు 200 గజాలు, అంటే 183 మీటర్లు మించకూడదంతే. గోల్ 6 మీటర్లు పెట్టండి. దానికి రెండు పక్కలా 20 గజాల (18.3 మీటర్లు) దూరంలో, అదే వరసలో ఇంకో రెండు కట్టెలు నాటాలి. మొత్తం 42.6 మీటర్లు, మీ 60లో సరిపోతుంది. రెండు వైపులా కలిపి ఎనిమిది వెదురు బొంగులు. అడ్డకర్ర వద్దు. గరుసు నేలలో గుంత పడదు, ముందురోజు రాత్రి నీళ్లు పోసి నానబెట్టి రెండడుగులు తవ్వండి. గీతకు సున్నం వాడొద్దు, పిల్లలు పడితే కళ్లలో పోతుంది. ముగ్గుపిండి చాలు.

బంతి ఆకారం గురించి ఆ పది నియమాల్లో మాటే లేదు, మీ గుండ్రటి బంతి తప్పేం కాదు. పిల్లలు తప్పు చేసేది ఎనిమిదో నియమం దగ్గర: కాలితో తన్నిన బంతిని గాల్లోనో, ఒక ఎగురులోనో పట్టుకోవచ్చు. నేలమీద దొర్లేదాన్ని చేత్తో ఎత్తకూడదు. పదో నియమం ప్రకారం బంతిని విసరకూడదు కూడా. అందరూ వంగి ఎత్తేస్తారు, అందుకని అంపైర్ విజిల్ ముందే గట్టిగా ఉండాలి. కాలి నుంచి నేరుగా పట్టినవాడు 'మార్క్' అని అరిస్తే ఫ్రీకిక్. గోల్ కావాలంటే బంతి స్తంభానికి గాని, ఏ ఆటగాడికి గాని తగలకుండా పోవాలి. అది చూడ్డానికి ఒక్కో గోల్ దగ్గర ఒకర్ని నిలబెట్టండి.

ఏడో నియమంలో కాలు అడ్డం పెట్టి పడేయడం, తోయడం రెండింటికీ ఒప్పుకున్నారు. గరుసు నేలమీద మోకాళ్లు చీరుకుపోతాయి, అది మాత్రం తీసేయండి. బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి ఆపేదెట్లా అంటారా, 1866 నియమం కలపండి: ప్రతి 5, 6 గజాలకు ఒకసారి బంతిని నేలకు కొట్టాలి. ఇది తర్వాత వచ్చిందని పిల్లలకు చెప్పాలి. పన్నెండు మంది చొప్పున, ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు. 1858 ఆగస్టు 7న మొదలైన స్కాచ్ కాలేజీ, మెల్‌బోర్న్ గ్రామర్ స్కూళ్ల ఆట మూడు శనివారాలు ఆడినా చెరో గోల్‌తోనే ఆగింది. గోల్స్ అంత అరుదు. ఆ ఆటకు అంపైర్లలో విల్స్ ఒకడు.

గుత్తి పీఈటీ:
చాలా ఉపయోగం సార్. విల్స్ చివరి రోజుల గురించి చెప్పాలా? పిల్లలు చిన్నవాళ్లు.

కర్నూలు పాత స్కోర్‌బుక్:
చెప్పాలి, జాగ్రత్తగా. 1861 అక్టోబరు 17న క్వీన్స్‌లాండ్‌లో ఆదివాసుల దాడిలో అతని తండ్రితో సహా 19 మంది చనిపోయారు. సామాన్లకు పోయి ఉన్నందుకు విల్స్ బతికాడు. ప్రతీకారంగా తెల్లవాళ్లు ఎంతోమంది ఆదివాసులను చంపారు, అది వదిలేస్తే కథ సగమే. అయినా 1866లో ఆదివాసుల క్రికెట్ జట్టుకు శిక్షణ ఇచ్చి మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండులో ఆడించింది ఇతనే. తర్వాత తాగుడు ముదిరి, మనసు చెదిరి, 1880 మే 2న ప్రాణం తీసుకున్నాడు. ఎట్లా అనేది పిల్లలకు వద్దు.