పాత ఫోర్డ్ 460 బిగ్ బ్లాక్ ఇంజన్‌కి తక్కువ ఆర్‌పీఎంలో టార్క్ (లాగే బలం) కావాలంటే క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) మార్చాలా, టైమింగ్ చెయిన్ (దాన్ని తిప్పే గొలుసు) మార్చాలా?

పాతట్రక్కు_డల్లాస్:
అన్నలూ, నాది 1978 ఫోర్డ్ ఎఫ్-250, 460 ఇంజన్, సీ6 ఆటోమేటిక్ గేర్‌బాక్సు, వెనక యాక్సిల్‌లో 3.54 గేర్లు (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ 3.54 చుట్లు). ట్రైలర్ మీద చిన్న ట్రాక్టర్ ఎక్కిస్తే చాలు, సిగ్నల్ దగ్గర కదలడానికే ఏడుస్తోంది, 7.5 లీటర్ల ఇంజన్ అయ్యుండి కూడా. షాపులో అడిగితే పెద్ద క్యామ్, 850 కార్బ్యురేటర్, హెడర్స్ (పొగ బయటికి పోయే ప్రత్యేక గొట్టాలు) వేయమన్నారు. అంత డబ్బు పెట్టొచ్చా?

బిగ్‌బ్లాక్_బాబు:
పెట్టెయ్ బ్రో. నా షెవీ 454కి అవే వేయించా, తొక్కితే సీటుకి అతుక్కుపోతాం.

రెంచి_పట్టినోడు:
బాబు గారూ, మీ బండి 3 వేల ఆర్‌పీఎం దాటాక లాగుతుంది, ఈ తమ్ముడికి కావాల్సింది 1200 నుంచి 2500 మధ్యలో. పెద్ద క్యామ్‌తో ఇన్‌టేక్ వాల్వ్ లేటుగా మూసుకుంటుంది, పిస్టన్ పైకొస్తూ పీల్చిన గాలిలో కొంత మళ్ళీ మానిఫోల్డ్‌లోకే (గాలి లోపలికొచ్చే గొట్టాల్లోకే) తోసేస్తుంది, స్పీడు మీదుంటే గాలికి ఊపు ఉంటుంది కాబట్టి తెలీదు గానీ నెమ్మదిగా తిరిగేటప్పుడు సిలిండర్లో ప్రెషరే ఉండదు. 850 కార్బ్ కూడా దండగ, 460 క్యూబిక్ అంగుళాల ఇంజన్ 4 వేల ఆర్‌పీఎం దగ్గర పూర్తిగా పీల్చినా 530 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగుల గాలి) చిల్లరే.

అసలు రోగం వేరే ఉంది. 1972 నుంచి ఎమిషన్ రూల్స్ కోసం ఫోర్డ్ ఈ ఇంజన్ల క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) గేరునే క్యామ్ 8 డిగ్రీలు లేటయ్యేలా చేసింది, కంప్రెషన్ కూడా 8:1 దగ్గరికి దించేసింది. దానికి తోడు ఇన్నేళ్ళ చెయిన్ సాగుడు. పాత పద్ధతిలో 'స్ట్రెయిట్ అప్' (ఆ లేటు లేకుండా) ఉండే డబుల్ రోలర్ సెట్ (రెండు వరసల చెయిన్, గేర్లు) వేసెయ్, ఇన్‌టేక్ వాల్వ్ ముందే మూసుకుని కింద ప్రెషర్ తిరిగొస్తుంది.

ముందు ఒకటి చూడు. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, క్రాంక్ బోల్టుకి రెంచి పెట్టి ఒక వైపు కొంచెం తిప్పి ఆపు, ఇప్పుడు మెల్లగా వెనక్కి తిప్పుతూ లోపలున్న రోటర్ (క్యామ్‌తో పాటు తిరిగే ముక్క) ఎప్పుడు కదులుతుందో చూడు. డ్యాంపర్ (క్రాంక్ ముందు చివర ఉండే చక్రం) మీద గుర్తు ఎన్ని డిగ్రీలు జరిగాక రోటర్ కదిలిందో చెయిన్ అంత లూజు అన్నమాట.

బిగ్‌బ్లాక్_బాబు:
క్యామ్ సంగతి సరే, ఒప్పుకుంటా. కానీ బరువు లాగాలంటే మొదట గేర్లే మార్చాలి, చెయిన్ కాదు. 3.54 తీసి 4.10 వేస్తే చక్రం దగ్గర టార్క్ దాదాపు 16 శాతం పెరుగుతుంది, ఇంజన్ ముట్టుకోకుండానే.

రెంచి_పట్టినోడు:
లెక్క కరెక్టే. కానీ సీ6కి ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజన్ నెమ్మదిగా తిరిగే పై గేరు) లేదండీ, 31 అంగుళాల టైర్లతో 65 మైళ్ళ స్పీడులో ఇప్పుడు 2500 తిరిగే ఇంజన్ 2900 తిరుగుతుంది, హైవే మీద పెట్రోలు ఎవరు పోస్తారు? రోజూ లోడుతోనే తిరిగితే అప్పుడు ఆలోచించొచ్చు.

పాతట్రక్కు_డల్లాస్:
నెలకి రెండు మూడు సార్లే లాగుతా అన్నా, మిగతా రోజులు ఖాళీయే. రోటర్ టెస్ట్ చేశా, డ్యాంపర్ 11 డిగ్రీలు జరిగాక గానీ రోటర్ కదల్లేదు!

రెంచి_పట్టినోడు:
11 చాలా ఎక్కువ, ఇక నడపకు, చెయిన్ జారితే ఇంజన్ దెబ్బతినొచ్చు. కవర్ విప్పినప్పుడు క్యామ్ గేరు పళ్ళు చూడు, నైలాన్ తొడుగువైతే ఈపాటికి పెళుసెక్కి విరిగుంటాయి. నేను ఒకటి విప్పితే ఆయిల్ పంపు జల్లెడకి గోరంత పసుప్పచ్చ ముక్కలు అతుక్కుని సగం మూసేశాయి. అందుకే ఆయిల్ పాన్ కూడా దించాల్సిందే, బద్ధకించకు. బిగించాక బేస్ టైమింగ్ (స్పార్క్ ఎంత ముందు రావాలో) 10 డిగ్రీలు పెట్టి, ట్రైలర్‌తో ఎత్తు ఎక్కించి చూడు, టకటకమని కొడితే రెండు డిగ్రీలు తగ్గించు.

పాతట్రక్కు_డల్లాస్:
సెట్ ఆర్డర్ పెట్టేశా. శనివారం విప్పుతున్నా, గేరు ఫోటో ఇక్కడే పెడతా.