పాత ఇంటి రిపేర్లకి ఎస్టిమేట్లలో ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న:
విజయవాడలో నాన్నగారు కట్టించిన ఇల్లు, ముప్పై ఏళ్లు దాటింది. రెండు బాత్రూములు పగలగొట్టి కొత్తగా చేయించాలి, హాల్లో టైల్స్, ఇల్లంతా వైరింగ్, రంగులు. ఒక కాంట్రాక్టర్ ఇల్లంతా ఓసారి తిరిగి చూసి ఆరున్నర లక్షలన్నారు, ఇంకొకాయన పదకొండు అంటున్నారు. ఇద్దరూ రాసిచ్చింది ఒక్క మొత్తమే. తక్కువ చెప్పినాయనకి ఇస్తే పని మధ్యలో ఆపేస్తారేమోనని అమ్మకి టెన్షన్. ఎలా తేల్చుకోవాలి?

జవాబు (సైట్ ఇంజనీర్):
ఆ రెండు అంకెలూ పక్కన పెట్టేయండి, ఎవరు ఏ పనులు కలిపారో తెలియనప్పుడు పోల్చలేం. మీరే పనుల లిస్టు రాసి ఇద్దరికీ అదే ఇవ్వండి, ఒక్కో పనికి కొలత ఎంత, రేటు ఎంత, మెటీరియల్ ఎవరిది, ఏ కంపెనీది అని రాయమనండి. బాత్రూమ్ అంటే పాత టైల్స్ కొట్టడం, పైపులు, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్, ఫిట్టింగులు అన్నీ వేర్వేరుగా ఉండాలి. రేటు తగ్గించాలంటే ముందు ఎగిరిపోయేది వాటర్‌ప్రూఫింగే, టైల్స్ పడ్డాక కనపడదు కదా! అది అయ్యాక కనీసం 24 గంటలు నీళ్లు నిలబెట్టి, చెమ్మ దిగలేదని చూశాకే ఆ స్టేజి డబ్బులిస్తామని ముందే రాయించండి.

జవాబు (హైదరాబాద్ నుంచి):
కొట్టిన చెత్త ఎవరు తీసుకెళ్తారో అడిగారా? మా ఫ్లాట్ పనిలో అది ఎస్టిమేట్‌లో లేదు, ట్రాక్టర్ ఖర్చంతా మా మీదే పడింది. 18 శాతం జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా అన్నదీ చూడండి, పది లక్షల మీద అదే 1,80,000. రంగులకి గోడల కొలత తీసేటప్పుడు తలుపులు, కిటికీల మేర కొలతలోంచి తగ్గిస్తారో లేదో కూడా ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చెత్త సంగతి ఇద్దరూ ఎత్తలేదండి. లేబర్ వరకే ఇచ్చి మెటీరియల్ మేమే కొంటే?

జవాబు (సైట్ ఇంజనీర్):
సిమెంటుకి, ఇసుకకి పరిగెత్తడానికి, రోజూ దగ్గరుండి చూడటానికి ఇంట్లో మనిషి ఉంటేనే. అమ్మగారి మీద వేయకండి. టైల్స్, ఫిట్టింగులు మీరు కొని మిగతాది వాళ్లకి వదిలేయండి. టైల్స్ పది శాతం ఎక్కువ తీసుకోండి, తర్వాత అదే షేడ్ దొరకదు. ఇంకోటి, అంత పాత ఇంట్లో స్లాబు పెచ్చులు కొడితే లోపల చువ్వలు తుప్పు పట్టి ఉండొచ్చు. దానికి మొత్తం ఇప్పుడే ఎవరూ చెప్పలేరు, చదరపు అడుగుకి రేటు మాత్రం ఇప్పుడే రాయించుకోండి, పని మధ్యలో బేరమాడితే మీ మాట చెల్లదు.